సైనిక్‌పురి టైగర్ మాత్: ఒక నల్ల తీగ, 11 వారాల రిపేరు

సంక్రాంతి వెళ్ళిన రెండ్రోజులకి సైనిక్‌పురి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు, "బాబూ, మా ఇంట్లో ఒక మోడల్ విమానం ఉంది, కొంచెం దెబ్బ తగిలింది, చూస్తావా" అని. ఈ పనిలో ఉన్నవాళ్ళకి "కొంచెం దెబ్బ" అంటే ఏంటో తెలుసు కదా. సాయంత్రం ఆయన మనవడు ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు, సీలింగ్ ఫ్యాన్ అట్టపెట్టెలో ముక్కు, పాత దుప్పట్లో చుట్టిన నాలుగు రెక్కలు, ఇంకో పెద్ద కవర్లో చిల్లర ముక్కలు. ఆ కవర్ తెచ్చినందుకు మాత్రం పిల్లాడికి దండం పెట్టాలి, చాలామంది చిల్లర అంతా పొలంలోనే వదిలేసి వస్తారు, తర్వాత ఏ ముక్క ఎక్కడిదో బ్రహ్మకి కూడా అర్థం కాదు.

విమానం టైగర్ మాత్, ఒకదాని పైన ఒకటి రెండు వరసల రెక్కలుండేది. డి హావిలాండ్ కంపెనీ డీహెచ్.82, అసలుది 1931 అక్టోబర్‌లో మొదటిసారి ఎగిరింది, యుద్ధం రోజుల్లో మన బేగంపేటలో కొత్త పైలట్లకి ఓనమాలు దిద్దించింది ఇదే. ఫోన్ చేసిన సార్ వాళ్ళ నాన్నగారు అక్కడ రిగ్గర్, అంటే రెండు రెక్కల మధ్య ఉండే తీగలు బిగించి రెక్కల యాంగిల్ సరిచూసే పని. సార్ కూడా ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌గా చేసి, రిటైరయ్యాక 1998లో మొదలుపెట్టి రెండేళ్ళు కూర్చుని కట్టారు, కిట్ కాదు, ప్లాన్ చూసుకుని బాల్సా చెక్క ఒక్కో ముక్క కోసుకుని. అయిదో వంతు స్కేలు, అసలు రెక్క 29 అడుగుల 4 అంగుళాలు కాబట్టి ఇది 70 అంగుళాల పైచిలుకు. సన్నటి సిల్క్ గుడ్డ, దాని మీద గుడ్డని బిగించే డోప్ అనే లాకర్, దాని మీద పసుపు. ముక్కులో 15 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్. వీటన్నిటికీ ఒక నోట్‌బుక్ ఉంది, మొదటి పేజీలోనే "మొత్తం బరువు 4,380 గ్రాములు, ముక్కులో సీసం 60" అని బ్లూ ఇంకుతో రాసుంది. ఆ నోట్‌బుక్ లేకపోతే ఈ రిపేరు ఇంకో దారిలో పోయేది.

ఇంతకీ ఏం జరిగిందంటే, పన్నెండేళ్ళు అటక మీద ఉన్నదాన్ని ఇంజనీరింగ్ చదివే మనవడు కిందికి దించి, పాత 72 మెగాహెర్ట్జ్ రేడియో తీసేసి కొత్త 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్ (కింద నిలబడి తిప్పే రేడియో సిగ్నల్ అందుకునేది) పెట్టి, కొత్త బ్యాటరీ ప్యాక్ పెట్టి, డిసెంబర్లో ఒక ఆదివారం ఘట్‌కేసర్ దాటాక కోత అయిపోయిన పొలాల దగ్గర ఎగరేశాడు. లేచింది, ఒక రౌండ్ బానే వేసింది, రెండో మలుపులో స్టిక్ తిప్పినా పలకలేదట, అలాగే ముక్కు దించి వరి మోళ్ళలోకి పోయింది. ఇంట్లో తీర్పు అప్పటికే వచ్చేసింది, "వాడికి తొందరెక్కువ" అని అమ్మ, "ఆ కొత్త రేడియో నమ్మొద్దన్నా, విన్లేదు" అని తాతయ్య. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ పిల్లాడు తల ఎత్తి మాట్లాడలేదు, పెట్టెలు దించి "ఎంతవుతుందన్నా" అని మాత్రం అడిగాడు.

నేను ముందు జిగురు ముట్టుకోను. ఇది అందరికీ చెప్తా, ఎవరూ వినరు. విరిగింది కనపడగానే చెయ్యి ఊరుకోదు, పటుక్కున సూపర్ గ్లూ వేసేస్తారు, అక్కడితో సాక్ష్యం పోతుంది. ఎందుకు పడిందో తెలియకుండా అతికించిన విమానం మళ్ళీ అందుకే పడుతుంది. అందుకని హాల్లో నేల మీద న్యూస్‌పేపర్ పరిచి విమానం ఆకారంలో ముక్కలన్నీ పేర్చి, ఫోటోలు తీసి, కిచెన్ త్రాసు మీద ఒక్కో భాగం తూకం వేసి రాసుకున్నా. మా ఆవిడకి ఆ త్రాసు వెనక్కి రావడానికి నెల పట్టింది.

మొదటి క్లూ కార్బురేటర్ దగ్గర దొరికింది. దెబ్బకి థ్రాటిల్ రాడ్ వంకర పోయి అలాగే బిగుసుకుపోయింది, కానీ బిగుసుకున్నది ఎక్కడా, సగానికి పైగా తెరుచుకున్న చోట. సిగ్నల్ పోతే థ్రాటిల్ మూసేసేలా ఫెయిల్‌సేఫ్ పెట్టానని పిల్లాడు చెప్పాడు, నేను ఆ రిసీవర్‌ని బయట పెట్టి చూస్తే నిజంగానే పెట్టాడు. మరి సిగ్నల్ పోయి ఉంటే థ్రాటిల్ మూసుకోవాలి కదా. మూసుకోలేదంటే సిగ్నల్ కాదు, కరెంటే పోయింది. సర్వోకి, అంటే రాడ్లు కదిపే చిన్న మోటారుకి, కరెంట్ పోతే ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది.

బ్యాటరీ చూస్తే కొత్తది, మీటర్ పెడితే 5 వోల్ట్ల పైనే. ఇక్కడే చాలామంది మోసపోతారు, లోడ్ లేకుండా చూసిన వోల్టేజీకి అర్థం లేదు. కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెచ్చిన 5 ఓమ్ల 10 వాట్ల రెసిస్టర్ ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది, దాన్ని రిసీవర్ ప్లగ్ దగ్గర పెడితే దాదాపు ఒక ఆంపియర్ లాగాలి, సర్వోలన్నీ ఒకేసారి తిరిగినట్టు. పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 4.9, అటు చివర ప్లగ్ దగ్గర 3.6. మధ్యలో ఉన్నది స్విచ్చూ, ఒక జానెడు వైరూ, అంతే. 1.3 వోల్ట్లు ఆ జానెడులోనే మాయం, లెక్కేస్తే దాదాపు 1.8 ఓమ్లు, బాగున్న వైర్‌కి ఇందులో ఇరవయ్యో వంతు కూడా ఉండకూడదు.

నల్ల వైర్ మీద ప్లాస్టిక్ తొక్క ఒలిచా. లోపల రాగి ఎర్రగా మెరవాలి కదా, ఇది దీపం ఒత్తి కాలాక ఉంటుందే అలా నల్లగా ఉంది, గోటితో గీస్తే పొడి రాలింది, సోల్డర్ పెడితే తామరాకు మీద నీళ్ళలా జారిపోయింది. ఇంకో రెండంగుళాలు ఒలిచినా అదే నలుపు. పాత నికెల్ క్యాడ్మియం ప్యాకుల దగ్గర ఇది తెలిసిన జబ్బే, ఏళ్ళ తరబడి కనెక్ట్ చేసి వదిలేస్తే సెల్ నుంచి క్షారం నెగటివ్ వైర్ వెంట లోపలే పాకి రాగిని తినేస్తుంది, పైన తొక్క మాత్రం కొత్తగానే ఉంటుంది. పిల్లాడు ప్యాక్ మార్చాడు, స్విచ్ వైరింగ్ మాత్రం "తాతయ్య కట్టింది కదా" అని ముట్టుకోలేదు. నేల మీద రేంజ్ టెస్ట్ (దూరం వెళ్ళినా సిగ్నల్ అందుతుందా అని చూడటం) చేశాడు, పాసయ్యింది, ఎందుకు పాసవదు, అప్పుడు సర్వోలు ఊరికే ఉన్నాయి. గాల్లో మలుపు తిప్పేటప్పుడు తోక మీది ఎలివేటర్, రడ్డర్, రెక్కల మీది రెండు ఏలెరాన్‌లు, అంటే విమానాన్ని తిప్పే పలకలన్నీ ఒకేసారి లాగాయి, వోల్టేజీ పడిపోయింది, రిసీవర్ ఆఫై మళ్ళీ స్టార్ట్ అవడానికి టైమ్ తీసుకుంది. పాత రేడియో అయితే అదే వోల్టేజీకి కాస్త వణికి ఊరుకునేదేమో, కొత్తది పూర్తిగా పడుకుంది. అంటే కొత్త రేడియో అన్న తాతయ్య మాట కూడా పూర్తిగా తప్పేం కాదు, కానీ జబ్బు అక్కడిది కాదు.

సార్‌ని పిలిచి చూపించా. కళ్ళజోడు పైకి తోసి ఆ వైర్‌ని ట్యూబ్‌లైట్ కింద చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. "ఈ సోల్డరింగ్ నాదే" అన్నారు. ఇంకేం అనలేదు. వెళ్ళేటప్పుడు ఆ ముక్క అడిగి జేబులో వేసుకుని పోయారు.

సరే, ఇప్పుడు చెక్క పని. కనపడే దెబ్బలు చెప్పాలంటే ఇంజిన్ బిగించే ఫైర్‌వాల్ పలక ఊడిపోయింది, ఎడమ కింది రెక్క స్పార్, అంటే రెక్క పొడవునా ఉండే దూలం, విరిగింది, పై రెక్కని మోసే ముందు స్ట్రట్ల జత వంగింది, ఇంజిన్ మీది ఫైబర్ మూత, కౌల్, నాలుగు ముక్కలు. వీటికి నేను భయపడను. భయమల్లా కనపడని వాటికే. ముక్కు మీద పడ్డ విమానానికి తోక కొరడాలా ఊగుతుంది, అందుకే ముందు భాగం నుజ్జయితే వెనక భాగం కూడా చూడాలి. తోక దగ్గర సిల్క్ చెక్కు చెదరలేదు, చూస్తే ఏం కాలేదనిపిస్తుంది. ముక్కు వైపు మోకాళ్ళ మధ్య పట్టుకుని తోకని మెల్లగా మెలితిప్పితే వెనక కాక్‌పిట్ తర్వాత ఎక్కడో "కిర్రు" మంది. రాత్రి రూమ్‌లో లైట్లు ఆపేసి ఫ్యూజలాజ్, అంటే విమానం బాడీ, లోపల టార్చ్ పెడితే సిల్క్ లోంచి కర్రల నీడలు ఎముకల ఎక్స్‌రేలాగా కనపడ్డాయి, కుడి వైపు కింది లాంజెరాన్ (బాడీ పొడవునా పోయే కర్ర) మీద వెంట్రుకంత వాలు గీత. అక్కడ సిల్క్ కోయాల్సి వచ్చింది, సార్ ఒప్పుకోవడానికి రెండు కప్పుల టీ ఖర్చయింది.

ముక్కు పని రోత పని. అన్నేళ్ళు గ్లో ఫ్యూయల్, అంటే ఈ చిన్న ఇంజిన్ల ఇంధనం, తాగిన బాల్సా, అందులో ఆముదం, చెక్క తేనె రంగుకి తిరిగి జిడ్డు ఓడుతోంది, దాని మీద ఏ ఎపాక్సీ వేసినా రెండో రోజుకి తొక్కలా లేస్తుంది. దీనికి నేను వాడేది కార్న్‌ఫ్లోర్, అసిటోన్‌తో దోసెల పిండిలా కలిపి పట్టించి, ఆరాక బ్రష్‌తో దులపడం. అసిటోన్ చెక్కలోకి దిగి నూనెని కరిగిస్తుంది, ఆవిరయ్యేటప్పుడు నూనె పైకొచ్చి పిండిలో ఇంకుతుంది. మొదటిసారి పిండి శనగపిండి రంగులోకి వచ్చింది, ఆరోసారికి తెల్లగా రాలింది, అప్పుడు ఆపా. బాల్కనీలో చేసుకోండి, అసిటోన్ పూర్తిగా ఆరకముందు హెయిర్ డ్రయర్ దగ్గరికి కూడా తేవద్దు, అంటుకుంటే విమానంతో పాటు బాల్కనీ పోతుంది. అయినా ఫైర్‌వాల్ వెనక ఒక అంగుళం మేర చెక్క మెత్తబడి గోరు దిగుతోంది, దాన్ని మాత్రం కోసి పారేశా. కొత్త ఫైర్‌వాల్ 3 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ రెండు పొరలు, 30 నిమిషాల ఎపాక్సీతో, అంచుల్లో కబాబ్ పుల్లలు మేకుల్లా దిగేసి. వెదురు పుల్లలు నిజంగా గట్టివి, ఇంజిన్ లాగేటప్పుడు ఒక్క జిగురు మీదే భారం పడకుండా పట్టుకుంటాయి.

స్పార్ దగ్గర సార్‌కీ నాకూ ఒక చిన్న లొల్లి. విరిగిన చోట రెండు పక్కలా ప్లై ముక్కలు అతికించి వదిలేద్దామని నేను, పిల్లాడి కాలేజీ తెరిచేలోపు అయిపోవాలని తొందర. "ఆ పట్టీ చివర్లోనే మళ్ళీ విరుగుతుంది, స్కార్ఫ్ వెయ్" అని ఆయన. ఆయనే కరెక్ట్, గట్టిగా ఉన్న ముక్క ఎక్కడ ఆగిపోతుందో పక్కనున్న మెత్తటి చెక్క మీద బరువంతా అక్కడ పడుతుంది. స్కార్ఫ్ అంటే రెండు చివరలనీ ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి అతికించడం, అసలు విమానాల చెక్క రెక్కలకి వాడే వాలు ఒకటికి పది, పన్నెండు. మా స్పార్ మందం 5 మిల్లీమీటర్లు, ఒకటికి పది అంటే 50 మిల్లీమీటర్ల వాలు. స్ప్రూస్ దొరక్క బాలానగర్‌లో మిషన్లు దించిన పైన్ ప్యాకింగ్ పెట్టెల నుంచి చెక్క ఏరుకొచ్చా, ముడులు లేకుండా గీతలు నిటారుగా దగ్గర దగ్గరగా ఉన్న ముక్క కోసం పదకొండు పలకలు తిప్పి చూశా, అక్కడి వాచ్‌మన్ నన్ను పిచ్చోడనుకున్నాడు. ఆ వాలు చెక్కడానికే ఒక పూట పట్టింది. రెండు వాలులనీ దగ్గర పెట్టి వెలుతురుకి ఎత్తి చూస్తే ఎక్కడా వెలుగు కనపడకూడదు, మూడోసారికి కుదిరింది. ఫెవికాల్ రాసి బట్టల క్లిప్పులతో ఒక రాత్రి వదిలేశా, మర్నాడు మధ్యలో బాల్సా వెబ్‌లు, అంటే పలచటి పలకలు, నిలువు గీతలతో పెట్టా.

ఇక నన్ను 11 వారాలూ నిద్రపోనివ్వనిది గ్రాముల లెక్క. రిపేరంటే బరువు చేరడమే, ప్రతి జిగురు చుక్కా, ప్రతి పట్టీ. టైగర్ మాత్‌కి ముక్కు పొట్టి, తోక పొడుగు. లాంజెరాన్ విరిగిన చోటు బ్యాలెన్స్ పాయింట్‌కి 80 సెంటీమీటర్లు వెనక, ముక్కులో బరువు పెట్టగలిగే చోటు 26 సెంటీమీటర్లు ముందు. అంటే తోకలో ఒక గ్రాము చేరితే ముక్కులో మూడు గ్రాముల సీసం కట్టాలి. లాంజెరాన్‌కి మొదట చేసిన రిపేరు 18 గ్రాములు తూగింది, గట్టిగా ఉందని మురిసిపోయి తర్వాత లెక్కేసుకుని మళ్ళీ సాండింగ్ పేపర్ పట్టుకున్నా, అతికించిన పట్టీలని అంచుల దగ్గర పలచగా దింపి 11కి తెచ్చా. ఏడు గ్రాములకి రెండు సాయంత్రాలు అంటే మా ఆవిడ నవ్వింది, నవ్వనీ.

నోట్‌బుక్‌లో ఉన్న ఆ 60 గ్రాముల సీసం గుర్తుందా, దాన్ని తీసేశా. ఆ చోట రెండో బ్యాటరీ ప్యాక్, రెండో స్విచ్, ఇంకో సెట్ వైరింగ్ పెట్టా, కొత్తగా చేరినదంతా కలిపి 130 గ్రాములు. ఎలాగూ ముక్కులో బరువు కావాల్సిందే కదా, ఊరికే కూర్చునే సీసం బదులు పనిచేసే బరువు పెడితే ఏం పోయింది. ఒక లైన్ చచ్చినా ఇంకోటి రిసీవర్‌కి కరెంట్ ఇస్తుంది. రెసిస్టర్ పెట్టి చూస్తే ఒక్కో లైన్‌లో 0.1 వోల్ట్ కంటే ఎక్కువ పడలేదు. సోల్డరింగ్ మాత్రం నేను చేయలేదు, సార్ ముక్కాలి పీట మీద కూర్చుని ఒక్కో జాయింట్ చెప్తుంటే మనవడు చేశాడు. చివరికి మొత్తం బరువు 4,544 గ్రాములు, బ్యాలెన్స్ పాయింట్ పాతదానికంటే 4 మిల్లీమీటర్లు ముందుకొచ్చింది, రిపేరు తర్వాత మొదటిసారి ఎగిరే విమానానికి వెనక్కి పోవడం కంటే ఇదే నయం.

ఇంజిన్ పని తేలిగ్గా అయిపోయింది. ఆముదం గడ్డకట్టి షాఫ్ట్ తిరగట్లేదు, రబ్బర్ రింగులు, కార్బురేటర్ విప్పేసి మిగతాదాన్ని పాత రైస్ కుక్కర్‌లో కారు కూలెంట్ పోసి రాత్రంతా వెచ్చగా ఉంచితే గోధుమ రంగు వార్నిష్ అంతా వదిలింది, వెంటనే కడిగి నూనె వేశా లేకపోతే బేరింగ్‌లు గంటల్లో తుప్పు పడతాయి. కూలెంట్ విషం, ఆ కుక్కర్ మీద మార్కర్‌తో పుర్రె బొమ్మ గీసి షెడ్డులో పెట్టా, ఇంకెప్పుడూ అన్నానికి పనికిరాదు.

రంగు దగ్గర ఇంకో వాదన. మనవడు మొత్తం గీకేసి కొత్త పసుపు కొట్టిద్దామన్నాడు, ఫోటోల్లో బాగుంటుందని. నేను ఒప్పుకోలేదు, అలా చేస్తే మిగిలేది ఆయన విమానం కాదు, నాది. కోసిన చోట్ల మాత్రం జనరల్ బజార్‌లో దొరికిన సన్నటి సిల్క్, అంచులు జిగ్‌జాగ్ కత్తెరతో కోసి అతికించా. డోప్ బదులు రాణిగంజ్‌లో దొరికే, చెక్క సామానుకి వేసే ఎన్‌సీ క్లియర్ లాకర్, గుడ్డ ఆరి బిర్రబిగిసి రెక్కని వంచేయకుండా 30 మిల్లీలీటర్లకి రెండు మూడు చుక్కల ఆముదం. కొత్త పసుపు పాతదాని పక్కన నిమ్మకాయలా అరుస్తోంది, అందులో చిటికెడు ఇటుక రంగు, ఇంకో చుక్క గోధుమ కలిపితే దారికొచ్చింది. ఎన్‌సీ లాకర్ గ్లో ఫ్యూయల్‌కి కరిగిపోతుంది కాబట్టి పైన కారు షాపులో కొట్టే రెండు పార్టుల క్లియర్ ఒక పలచటి కోటు, మాస్క్ లేకుండా అది ముట్టుకోవద్దు. ప్యాచ్‌లు దగ్గరికెళ్తే తెలుస్తాయి. తెలియాలి కూడా.

చివర్లో రిగ్గింగ్. వంగిన పియానో వైర్ స్ట్రట్లని సాగదీసి సరిచేయలేదు, ఒకసారి వంగింది మళ్ళీ అక్కడే వంగుతుంది, కొత్తవి వంచి రాగి తీగ చుట్టి సోల్డర్ చేశా. రెక్కల యాంగిల్ ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి చూస్తే పై రెక్క కుడి వైపుకీ ఎడమ వైపుకీ ఒకటిన్నర డిగ్రీ తేడా. సార్ నోట్‌బుక్ తెరిచి, చేపల గాలానికి వాడే స్టీల్ తీగని ఒక్కోటి వేలితో మీటి శబ్దం వింటూ "ఇది లూజు, అది ఇంకో పావు చుట్టు" అని చెప్తూ రెండు గంటలు కూర్చున్నారు, వాళ్ళ నాన్న అలాగే చేసేవారట. చివరికి యాప్‌లో తేడా పావు డిగ్రీకి దిగింది. నేను మాత్రం ఆ శబ్దాల్లో తేడా ఒక్కసారి కూడా పట్టుకోలేకపోయా.

ఎగరేయడం ఏప్రిల్ మొదట్లో, మళ్ళీ ఘట్‌కేసర్ అవతలే, డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోన్ అని చూసుకుని. జనవరిలోనే అయిపోయినా అప్పుడు ఎగరేసేవాణ్ణి కాదు, పతంగుల మాంజా ఎక్కడ వేలాడుతుందో తెలీదు. పొద్దున ఆరున్నరకి గాలి లేదు. సర్వోలన్నీ ఒకేసారి తిప్పుతూ రేంజ్ టెస్ట్, రెండుసార్లు. రేడియో ఎవరు పట్టుకోవాలి అన్నప్పుడు ఎవరూ మాట్లాడలేదు, సార్ తన మెడలో ఉన్న స్ట్రాప్ తీసి మనవడి మెడలో వేసి "రడ్డర్ మర్చిపోకు" అన్నారు. టైగర్ మాత్‌కి ఏలెరాన్‌లు కింది రెక్కలకే ఉంటాయి, వాటితోనే తిప్పాలని చూస్తే ముక్కు ఎదురు దిక్కుకి పోతుంది, రడ్డర్‌తో కలిపి తిప్పాలి. పిల్లాడు మొదటి మలుపు చాలా వెడల్పుగా తిప్పాడు. రెండో మలుపు దగ్గర మా ముగ్గురిలో ఎవరూ ఊపిరి తీసుకోలేదనుకుంటా. తిరిగింది.

దిగేటప్పుడు తోక కింద స్కిడ్ మట్టిగడ్డకి తగిలి కాస్త వంగింది, అంతే. రెక్క మీద ఆముదం చుక్కల్ని సార్ జేబురుమాలుతో తుడుస్తుంటే నేను రేడియోలో ట్రిమ్, అంటే విమానం తిన్నగా ఎగరడానికి చేసిన చిన్న సర్దుబాటు, చూశా, ఏలెరాన్ మూడు క్లిక్కులు కుడికి. ఎడమ కింది రెక్క చివర 2 మిల్లీమీటర్ల మెలిక ఉంది, నా కొత్త సిల్క్ లాగిన మెలికే అది, ఆవిరి పట్టి తీసేస్తానని చెప్పా. "ఇప్పుడొద్దులే, వర్షాలొస్తే గుడ్డ ఎటూ మళ్ళీ కదులుద్ది, దసరాకి చూద్దాం" అని ఆయన నోట్‌బుక్‌లో బ్లూ ఇంకుతో రాసుకున్నారు, "4,544. ట్రిమ్ కుడి 3."